అరువుదొరకు ఆధారం

పుస్తకాల చివర ఉండే సూచికలను ఎవరో ఒకరు కూర్చుని తయారు చేస్తారన్న సంగతి చాలామందికి తెలియదు. పుస్తకానికి అవి వాటంతటవే మొలుస్తాయనుకుంటారు. చిన్నది చేసే పని అదే. మురుగు కాలువల నిర్మాణం, పశువుల గర్భకోశ వ్యాధులు, ఇంటి పన్ను చట్టం లాంటి పుస్తకాలను మొదటి నుంచి చివరిదాకా చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో అక్షర క్రమంలో పేర్చి, ‘గొట్టాలు, పగిలినవి: చూడు, పగుళ్ళు’ అని రాసి పంపేస్తుంది. ఆమె పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. రచయితలు కృతజ్ఞతల పేజీలో తమ పెంపుడు కుక్కలను కూడా తలుచుకుంటారు గానీ సూచిక వేసిన మనిషిని తలుచుకోరు. చిన్నదానికి ఆ కుక్కల మీద ఏ కోపమూ లేదు. రచయితలను తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

నలభై దాటినా ఇంట్లో ఆమెను ‘చిన్నది’ అనే అంటారు. పెద్దది అంటే అక్క. ఆ అక్క కూడా రచయిత్రి కావడం చిన్నదాని ఖర్మ. మామూలు రచయిత్రి అయితే ఏదోలా సర్దుకుపోవచ్చు. అక్క దయ్యాల నవలలు రాసింది. ఏడు లావుపాటి సంపుటాలు, ఒక్కోటీ తల కింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత ఎత్తు. వాటిని చదివి వెర్రెత్తిపోయిన జనం ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు, చొక్కాల మీద దయ్యాల బొమ్మలు అచ్చు వేయించుకున్నారు, పెంపుడు పిల్లులకు పిశాచాల పేర్లు పెట్టుకున్నారు. అక్క బజారుకి వెళ్తే ఎవరో ఒకరు వచ్చి మోచేతి మీద సంతకం పెట్టమంటారు.

ఇలా ఉండగా ప్రచురణ సంస్థవాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఏడు సంపుటాల్లో వచ్చే వింత మాటల్లో ఏది పురాణాల్లోంచి వచ్చింది, ఏది నిజంగా లోకంలో ఉన్నది, ఏది రచయిత్రి కల్పించింది అని విడమరిచి చెప్పే పదకోశం ఒకటి వేద్దామన్నారు. ఆ పని చూసే సంపాదకుణ్ణి అందరూ కామా గారు అంటారు. వాక్యంలో ఊపిరి పీల్చుకునే చోటు దొరికితే చాలు, ఆయన ఒక కామా గుచ్చి వదులుతాడు.

“బయటివాళ్ళెందుకండీ, ఇంట్లోనే మనిషి ఉండగా,” అన్నాడు కామా గారు ఫోన్లో. ఇంట్లో మనిషి అంటే తక్కువకు వస్తుందని ఆయన ఉద్దేశం. చిన్నదానికి అది అర్థం కాకపోలేదు. అయినా సరే ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి ఆమె కారణం ఆమెకు ఉంది. ఆ కారణం పేరు అరువుదొర.

ఏడు సంపుటాల్లోనూ అసలు దయ్యం వాడే. అరువుదొర ఎవరినీ చంపడు, రక్తం తాగడు, గోళ్ళు పెంచుకోడు. మనిషిని అరువుకు తీసుకుపోతాడు, అంతే. ఒళ్ళు మంచం మీద ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటాయి, లోపల మనిషి ఉండదు. మొదటి సంపుటంలో ఒక బడి పంతులమ్మను అలా తీసుకుపోతాడు. ఆమె దగ్గర చదువుకునే పన్నెండేళ్ళ పిల్ల కత్తి తిప్పుకుంటూ బయల్దేరి, ఆరు లోకాలు దాటి, ఏడో సంపుటం చివర ఒక మంత్రం చదివి పంతులమ్మను వెనక్కి తెస్తుంది. ఆ చోట ఏడవని పాఠకుడు లేడని పత్రికలు రాశాయి. చిన్నది ఏడవలేదు. ఆమెకు కడుపు మండింది. ఎందుకంటే అరువుదొర ఆమె సొత్తు. నాలుగేళ్ళ వయసులో భోజనాల బల్ల కింద కూర్చుని ఆ పేరు పెట్టింది తను. అక్క మాత్రం ఎవరడిగినా, దూరాన ఏవో కొండల్లో తిరుగుతుంటే ఒక ముసలాయన చెప్పిన పాత కథలో విన్నానని చెబుతోంది. ఇన్నేళ్ళుగా అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా.

ఇప్పుడు పదకోశం రాసేది తనే. అందులో ఒక్క పంక్తి, ఒకే ఒక్క పంక్తి, ఆ మాట తనదని అచ్చులో కనిపిస్తే చాలు. జన్మకి అంతకన్నా అక్కర్లేదనుకుంది చిన్నది.

పని మొదలుపెట్టాక తెగ సరదా పుట్టుకొచ్చింది. ప్రతి మాట పక్కనా మూడు ముద్రల్లో ఒకటి పడాలి: పురాణం, లోకం, కల్పన. యక్షులకు పురాణం అని ముద్ర వేసింది. కుబేరుడి కొలువులో నిధులకు కాపలా కాసేవాళ్ళు వాళ్ళు. అక్క వాళ్ళకు యూనిఫాం తొడిగి బ్యాంకు లాకరు గది ముందు కూర్చోబెట్టింది, పాపం కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటు లేకుండా. గంధర్వులూ పురాణమే. దేవలోకంలో పాడవలసినవాళ్ళను అక్క లిఫ్టులో సంగీతం వాయించే ఉద్యోగంలో పడేసింది. పిశాచాలు పచ్చిమాంసం తింటాయని పాతవాళ్ళు చెప్పారు. అక్క పిశాచం ఆఫీసు లెక్కలు తనిఖీ చేస్తుంది, మాంసం జోలికి పోదు, కానీ అది వెళ్ళిన చోట ఎవరికీ అన్నం సయించదు. చిన్నదానికి ఆ సంగతి మాత్రం నిజ జీవితంలోంచి వచ్చినట్టే అనిపించింది. అయినా పురాణం అనే రాసింది.

కొరివి దయ్యానికి లోకం అని వేసింది. చిత్తడి నేలల మీద చీకట్లో కనిపించే మిణుకు వెలుగును చూసి జనం పెట్టుకున్న పేరది. కుళ్ళిన ఆకుల్లోంచి వచ్చే వాయువుల వల్ల అలా వెలుగుతుందని చదువుకున్నవాళ్ళు అంటారు. గుండెల మీద కూర్చునే ముసలిదీ లోకంలోదే. నిద్రలో తెలివొచ్చి, ఒళ్ళు మాత్రం కదలని స్థితి ఒకటుంది. అప్పుడు ఎవరో గుండెల మీద కూర్చున్నట్టే ఉంటుంది. అన్ని దేశాల్లోనూ ఆ కూర్చున్నదానికి ఏదో ఒక పేరు పెట్టారు, ఎవరూ దాన్ని లేపి పంపలేకపోయారు.

ఇక కల్పన అన్న ముద్ర దగ్గరికి వచ్చేసరికి చిన్నదానికి నవ్వు ఆగలేదు. రెండో సంపుటంలో బుడుంగు అనే జలభూతం ఉంది. అది నిజానికి పాత ఇంట్లో వాష్‌బేసిన్ చేసే చప్పుడు. నీళ్ళు పోయాక చివర్లో ‘బుడుంగ్’మనేది, చిన్నది జడుసుకునేది. ఆ బుడుంగు మీద ఒక ప్రొఫెసరు ముప్పై పేజీల వ్యాసం రాశాడు. సముద్ర గర్భంలో మునిగిపోయిన ఏదో ప్రాచీన జలదేవతారాధనకు అది ఆనవాలట. చిన్నది ఆ వ్యాసాన్ని భక్తిగా చదివి, ‘బుడుంగు: కల్పన. ఆధారం: వాష్‌బేసిన్’ అని రాసింది. ఫ్రిజ్ కింద ఉండే జిడ్డుకన్నుకీ అదే మర్యాద చేసింది.

కామా గారు గోల పెట్టాడు.

“అన్నిటికీ కల్పన, కల్పన అంటే ఎలాగండీ. మనవాళ్ళు ప్రాచీన రహస్యాలు అనుకుని కొనుక్కుంటున్నారు. కొంచెం పురాణం చిలకరించండి.”

“పురాణం ఏమైనా కొత్తిమీరా అండీ, చిలకరించడానికి.”

“బుడుంగు పోతే పోయింది. అరువుదొర విషయంలో మాత్రం జాగ్రత్త. కొండల్లో విన్న కథ అని మేడమ్ చెప్పారు కదా, అదే ఉంచేయండి. కిందటేడు మన సంఘం కుర్రాళ్ళు కొందరు ఆ కొండలు వెతుక్కుంటూ వెళ్ళి, జలగలు కరిపించుకుని వచ్చారు. వాళ్ళ ముందు మనం అబద్ధం అయిపోకూడదు.”

ఆ కొండలే అబద్ధమైనప్పుడు జలగలేం చేస్తాయని అడగాలనిపించింది. 

ఆ వేసవి చిన్నదానికి బాగా గుర్తు. తన బాల్యం మొత్తంలో అంత మంచి వేసవి లేదు. అప్పుడు అమ్మ సిటీ బస్సులో కండక్టరు. నాన్న లారీ వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు, ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. ఆ వేసవిలో అమ్మ సెలవు పెట్టి ఇంట్లోనే పడుకుంది. స్నానం చెయ్యమనేవాళ్ళు లేరు, తల దువ్వించుకోవాలని ఏడిపించేవాళ్ళు లేరు. భోజనాల బల్ల మీంచి దుప్పటి వేలాడదీసి దాని కింద అక్కా తనూ కాపురం పెట్టారు. పొద్దున ఉడికించిన గుడ్లు, మధ్యాహ్నం బ్రెడ్డు, సాయంత్రం మళ్ళీ ఉడికించిన గుడ్లు. అమ్మను ఎవరో అరువుకు తీసుకుపోయారని, మళ్ళీ పంపేస్తారని అక్క చెప్పింది. ఎవరు, దొరా అని తను అడిగింది. ఆ, దొరే అంది అక్క. అయితే వాడి పేరు అరువుదొర అని తను తీర్మానించింది. ఆ తర్వాత ఆటకి నియమాలు వచ్చాయి. ఇంట్లో గట్టిగా అరవకూడదు, అరిస్తే దొర ఇంకా దూరం తీసుకుపోతాడు. పొద్దు దిగకముందే మంచం పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టాలి. రోజుకొకసారి వెళ్ళి, అరువుకు పోయిన మనిషి చెవిలో బయట జరిగిన సంగతి ఒకటి చెప్పాలి, ఇంటి దారి మర్చిపోకుండా. ఇప్పుడు ఆ నియమాలే చొక్కాల మీద అచ్చేసి అమ్ముతున్నారు.

చిన్నది కామా గారికి చెప్పకుండా, అక్కకు చెప్పకుండా, పంక్తి రాసి పంపేసింది: ‘అరువుదొర: కల్పన. ఈ పేరునూ ఈ దొరనూ కల్పించింది రచయిత్రి చెల్లెలు.’ పంపాక వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ లేకపోయినా, దాన్ని పైకి ఒకసారి చదువుకుంది. చెవులకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఆ హాయి రెండు రోజులు నిలిచింది. కామా గారికి మర్యాద ఎక్కువ కాబట్టి అచ్చు పేజీలను అక్కకు పంపాడు.

అక్క ఆదివారాలు మాత్రమే వచ్చే మనిషి. ఆ రోజు బుధవారం మధ్యాహ్నం, లిఫ్టు పనిచేయకపోయినా మూడు అంతస్తులు ఎక్కి, గస పెడుతూ వచ్చింది. ముందు గదిలో, చిన్నదాని దగ్గరే ఉంటున్న అమ్మ టీవీ చూస్తోంది. అమ్మ ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయినా, గదిలో ఇద్దరు మనుషులు నిలబడితే చాలు ‘లోపలికి జరగండి’ అంటుంది. అక్కను చూసి అదే అంది. అక్క లోపలికి జరిగి, నేరుగా వంటింట్లోకి వచ్చి, కొళాయి పెద్దగా తిప్పి, కడిగిన ప్లేట్లను మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. కోపం వస్తే ఆమెకు అదొక అలవాటు. ఎవరింట్లో ఉన్నాసరే అంట్లు తోముతుంది. ఆ కోపం వల్ల బాగుపడ్డ ఇళ్ళు ఊళ్ళో చాలా ఉన్నాయి.

“అది తీసెయ్,” అంది గొంతు తగ్గించి.

“ఏది?”

“ఏదో నీకు తెలుసు.”

“తియ్యను,” అంది చిన్నది. “ఏడు పుస్తకాలు రాసుకున్నావు. నీ పేరు అట్ట మీద నా అరచేతంత ఉంటుంది. నాకొక్క పంక్తి వస్తే నీ సొమ్మేం పోయింది.”

“బుడుంగు నీది. జిడ్డుకన్ను నీది. తలుపు చాటుది, మెట్ల మీదది, అన్నీ నీవే. అన్నిటి దగ్గరా నీ పేరు వేయించుకో. అట్ట మీద కూడా వేయిస్తాను, నా పేరు పక్కనే, అంతే పెద్దది. అదొక్కటి వద్దు.”

చిన్నది ఆ మాటకి మెత్తబడవలసింది పోయి ఇంకా రెచ్చిపోయింది. అంత ఇస్తానంటోందంటే ఆ ఒక్కటీ ఎంత విలువైనదో తెలిసిపోతోంది కదా.

“అదొక్కటే ఎందుకు వద్దు. పుస్తకాలు నడిచేది దాని మీదే కాబట్టి. కొండల్లో ముసలాయన చెప్పాడంటావా. నువ్వు కొండ ఎక్కింది ఎప్పుడు. మా మూడో అంతస్తు ఎక్కడానికే నీకు ప్రాణం పోతోంది.”

“కొండలన్నీ ఎవరు తిరుగుతారే. ఆ ముసలాయన దొరకడు కాబట్టి ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. నా చెల్లెలు కల్పించిందని చెప్పాననుకో. ఎప్పుడంటారు, ఎక్కడంటారు. బల్ల కింద అంటే, బల్ల కింద ఏం చేస్తున్నారంటారు.”

“ఆడుకుంటున్నాం అని చెప్పు.”

అక్క చేతిలో ప్లేటు ఆగింది. కొళాయి మాత్రం పారుతూనే ఉంది.

“నువ్వు ఆడుకున్నావు,” అంది.

చిన్నదానికి ఆ మాట మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థం కావడం మొదలైంది, అది నచ్చలేదు. ఏదో అనబోయింది. అప్పుడు తెలిసింది, టీవీ వినపడటం లేదని.

“నీళ్ళు ఊరికే పోతున్నాయి, కట్టెయ్ పెద్దదానా,” అంది అమ్మ గుమ్మంలోంచి. “మీ గుసగుసలు టీవీలో సీరియల్ కన్నా గట్టిగా వినిపిస్తున్నాయి. లోపలికి జరగండి, నేను కూర్చోవాలి.”

ఇద్దరూ జరిగారు. అమ్మ స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుని, టికెట్టు లేకుండా దొరికిపోయిన వాళ్ళను చూసినట్టు ఇద్దర్నీ చూసింది.

“అరువుదొర గురించే కదా మీ తగువు. వాడు మీ ఇద్దరిలో ఎవరి సొత్తూ కాదు. వాడు నావాడు.”

దయ్యాల మీద వేల పేజీలు రాసిన మనిషి, తడి చేతులతో అలాగే నిలబడిపోయింది.

“నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలే. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుంటే ఎదురుగా ఒక కుర్రాడు, వాడి చొక్కా మీద అచ్చు. పొద్దు దిగకముందే మంచం పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టవలెను. ఆ నీళ్ళు తాగినదాన్ని నేను. నాకు తెలియకపోతే వాడికి తెలుస్తుందా. పంతులమ్మ వేషం వేసినంత మాత్రాన నన్ను నేను గుర్తుపట్టననుకున్నావా.”

“అమ్మా, నేను ఎవరికీ...”

“తెలుసు. ఎవరికీ చెప్పలేదు. కొండల మీదికి తోసేశావు. పాపం కొండలు.”

చిన్నది గోడకు ఆనుకుంది. నలభై ఏళ్ళుగా దాచుకున్న వేసవి ఒకటి తన కళ్ళ ముందే ఎవరో తిరగేసి చూపిస్తున్నట్టుంది. లోపలి పక్క కుట్లన్నీ కనిపిస్తున్నాయి. అమ్మ సెలవు పెట్టి పడుకుంది. పడుకుని లేవలేదు. ఇంత తేలికైన సంగతి తనకెందుకు తట్టలేదో అర్థం కాలేదు. పశువుల గర్భకోశ వ్యాధుల్లో ఏ మాట ఎక్కడుందో చెప్పగలిగిన మనిషి, సొంత ఇంట్లో ఏం జరిగిందో చూసుకోలేదు.

“నీకేమైంది అప్పుడు?” అని అడిగింది.

“ఏమైందో నాకు తెలిస్తేగా. కారణం ఏంటని మాత్రం అడక్కండి. కారణమంటూ ఒకటి ఉంటే దాన్ని మధ్యలోనే బస్సు దించేసేదాన్ని. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాను. పొద్దున్నే లేవాలంటే ఒళ్ళు నాది కాదు. ఏడుపు కూడా రాలేదు, ఏడుపొస్తే బాగుండేది. మీరిద్దరూ ఎక్కడో బస్సు బయట మాట్లాడుకుంటున్నట్టు వినిపించేవాళ్ళు.”

“వినిపించేదా?” అంది అక్క.

“కళ్ళు మూసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు. నువ్వు స్టూలు లాక్కుంటూ పొయ్యి దగ్గరికి వెళ్తుంటే ఆ చప్పుడు వినిపించేది. ఎనిమిదేళ్ళ పిల్ల. పడుతుంది, చెయ్యి కాల్చుకుంటుంది, లేవాలి, లేవాలి అనుకునేదాన్ని. లేవలేకపోయేదాన్ని. పక్కింటావిడ వస్తే అమ్మకు నైట్ డ్యూటీ అండీ, నిద్రపోతోంది అని చెప్పేదానివి. ఎంత బాగా చెప్పేదానివో. అప్పుడే అనుకున్నాను, ఇది అబద్ధాలాడే ఉద్యోగంలో స్థిరపడుతుందని.”

అక్క నవ్వబోయి ఏడ్చింది. ఆమెకు ఏడవడం సరిగ్గా రాదు, ముక్కుతో ఏడుస్తుంది. చిన్నది చేతికి దొరికిన ప్లేట్లు తుడిచే గుడ్డ ఇచ్చింది.

“మరి నేనేం చేశాను?” అంది చిన్నది. అడగడానికి సిగ్గనిపించింది, అడక్కుండా ఉండలేకపోయింది.

“నువ్వు నీ ఆటలో ఉన్నావు. నిన్ను ఆటలో ఉంచడమే దీని పని.” అమ్మ చిన్నదాని వైపు తిరిగింది. “ఒక రోజు మాత్రం వచ్చావు. ఇది గుడ్లు తేవడానికి కొట్టుకు వెళ్ళింది. నువ్వు ఒక్కదానివే వచ్చి మంచం దగ్గర నిలబడ్డావు. నాతో కాదు, దొరతో మాట్లాడావు. ఇదుగో దొరా, మా అమ్మను ఇచ్చెయ్, నన్ను తీసుకెళ్ళు, నేను ఎక్కువ తినను అన్నావు.”

ఈ సంగతి అక్కకీ తెలియదు. చిన్నదానికైతే అసలు గుర్తే లేదు.

“నవ్వొచ్చింది నాకు. ఎక్కువ తినవట. మీ నాన్న లారీ మీద ఉన్న సరుకంతా నీకు సరిపోయేది కాదు. లోపల నవ్వొచ్చింది గానీ మొహం దాకా రాలేదు. అప్పుడైనా లేవాలి కదా నేను. సినిమా అయితే ఆ మాటకి లేచి, ఇద్దర్నీ వాటేసుకుని, ఒక పాట కూడా పాడతారు. నేను అటు తిరిగి పడుకున్నాను.” అమ్మ మళ్ళీ మోకాళ్ళు రుద్దుకుంది. “అది ఇన్నేళ్ళలో నన్ను వదల్లేదు. బిడ్డ వచ్చి నన్ను తీసుకెళ్ళు అంటే అటు తిరిగి పడుకున్నాను. అంత పొడుగు పుస్తకాలు రాసింది కదా ఇది, ఆ దొర ఎక్కడా అంత అన్యాయం చెయ్యలేదు.”

“అది నువ్వు కాదు కదమ్మా,” అంది అక్క, ముక్కు తుడుచుకుంటూ.

“నేనే. నేను కాక ఇంకెవరు. జబ్బు చేసిన నేను. దానికి దొరా గిరా ఎందుకు.”

“మరి ఎలా లేచావు?” అంది చిన్నది.

“మంత్రంతో మాత్రం కాదు. మీ పిన్ని వచ్చింది. బూతులు తిట్టుకుంటూ వచ్చి, నన్ను ఆటోలోకి ఈడ్చి డాక్టరు దగ్గర పడేసింది. ఆయన మాత్రలు రాశాడు. మొదట్లో నోరెండిపోయేది, అదొక్కటే తెలిసేది. కొన్నాళ్ళకి దిండు గలీబు కంపు కొడుతోందని తెలిసింది. కంపు తెలిసిందంటే మనిషి సగం తిరిగొచ్చినట్టే.”

“పిన్నికి ఎవరు చెప్పారు?”

అమ్మ గడ్డంతో అక్కను చూపించింది.

“పక్కింట్లో ఫోన్ అడుక్కుని చేశాను,” అంది అక్క. “అమ్మను ఎవరూ తీసుకుపోలేదు, ఇక్కడే ఉంది, నాకు భయమేస్తోంది అన్నాను. పిన్నికి చెప్పాక చాలాసేపు వణికాను. నీకు చెప్పిన కథ అంతా అబద్ధమని నీకు తెలిసిపోతుందని.”

చిన్నదానికి ఆ మాట గుండెకి తగిలింది. ఎనిమిదేళ్ళ పిల్ల, తల్లి మంచాన పడి, ఇంట్లో పెద్దవాళ్ళు లేక, చెల్లెలు ఆట పాడైపోతుందేమోనని వణికింది. ఆ చెల్లెలు పెరిగి పెద్దదై, ఆ ఆట నాది, దాని కింద నా పేరు వేయండి అని కామా గారికి రాసి పంపింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అక్కను దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది గానీ ఆ ఇంట్లో అలాంటివి అలవాటు లేవు. అందుకని వెళ్ళి కొళాయి దగ్గర ఆమె పక్కన నిలబడింది. కాసేపటికి అక్క భుజం చిన్నదాని భుజానికి ఆనింది.

అమ్మ ఇద్దర్నీ చూసి పెదవి విరిచింది.

“ఒక మాట చెప్తాను విను పెద్దదానా. నీ నవల్లో పిల్ల కత్తి తిప్పుతుంది. నువ్వు తిప్పింది గరిటె. కత్తి ఎందుకు పెట్టావే, గరిటె చాలదూ.”

“గరిటె పట్టుకుని ఆరు లోకాలు దాటిందంటే ఎవరు నమ్ముతారమ్మా.”

“నేను నమ్ముతాను,” అంది అమ్మ. లేస్తూ మళ్ళీ అంది, “ఆ పదకోశమో ఏదో, అందులో నిజం రాయండి. కొండలూ గుట్టలూ వద్దు, ఇంకా ఎంతమందికి జలగలు కరిపిస్తారు. ఎవరికైనా ఇంట్లో ఇలాగే ఉంటే, ఇది జబ్బని తెలుస్తుంది, డాక్టరు దగ్గరికి పోతారు. నా పేరు మాత్రం వద్దు. పేరు వేస్తే పాత డ్రైవర్లందరూ ఫోన్లు చేసి పలకరిస్తారు, వాళ్ళ సోది నేను భరించలేను.”

టీవీ మళ్ళీ మోగింది. అక్క తల ఊపింది, చిన్నది తల ఊపింది. ఏం రాయాలో ఎవరూ అనుకోలేదు. అక్క వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, “నీ పేరు కావాలంటే వేసుకో. పేరు పెట్టింది నువ్వే, అందులో అబద్ధమేం లేదు,” అంది.

ఆమె వెళ్ళాక చిన్నది కంప్యూటరు ముందు కూర్చుంది. తన పంక్తి తెర మీద అలాగే ఉంది. నిన్నటిదాకా చదువుకున్న కొద్దీ చదవాలనిపించిన పంక్తి. ఇప్పుడు చూస్తే అంతా తన పేరు కోసం అంగలార్చినట్టే ఉంది, అరువుదొర ఎవరో అందులో ఒక్క ముక్క లేదు. మొత్తం చెరిపేసింది. చాలాసేపు కూర్చుని కొత్తది రాసి పంపింది.

కామా గారు గంటలో ఫోన్ చేశాడు. గొంతు వేరేగా ఉంది.

“ఇందులో ‘మాకు’ అని ఉందండీ. కోశాల్లో మాకు, మీకు అని ఉండదు కదా. ఎవరికి అని పాఠకులు అడుగుతారు.”

“అడగనివ్వండి.”

“మరి మీ పేరైనా వెయ్యమంటారా? కింద, చిన్న అక్షరాల్లో?”

“వద్దండీ,” అంది చిన్నది. “రాసింది రాసినట్టు వెయ్యండి. కామాలు కూడా పెట్టకండి.”

పుస్తకంలో అది ఇలా అచ్చయింది:

‘అరువుదొర: లోకం. మనిషిని మంచం మీదే ఉంచి తీసుకుపోయే జబ్బు. కొండల్లో ఉండదు. ఇళ్ళలో ఉంటుంది. దీనికి మంత్రం లేదు. మందు ఉంది. ఆ మందు సంగతి తెలిసేదాకా మాకు అక్క ఉండేది.’